పొలి చల్లిన పొద్దు

మొన్న బస్సులో నా పక్కన కూర్చున్న పిల్ల తన ఊరిని ఫోన్ పటంలో వాళ్లమ్మకు చూపిస్తుంటే నాకూ బుద్ధి పుట్టింది. నా ఫోన్ తీసి మా ఊరి కోసం వెతికాను. దొరికింది. పైనుంచి చూస్తే ఊరంటే ఇంతేనా అనిపించింది. నాలుగు గోధుమరంగు మచ్చలు, నడుమ రేకుల కప్పుల మెరుపు, దక్షిణాన సన్నటి గీతలా వాగు. రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ వాగు అవతలికి పోయాను. మా ఇల్లు ఉండాల్సిన చోట గళ్లు గళ్లుగా కోసిన ప్లాట్లు, వాటి మధ్య ఎర్రమట్టి దారులు. ఇల్లు లేదు. లేదని నాకు ముందే తెలుసు. అయినా చూస్తూ కూర్చుని దిగాల్సిన స్టేజీ దాటిపోయి, కండక్టర్ చేత నాలుగు మాటలు పడి, ఎండలో వెనక్కి నడిచాను.

మా ఊరి సంగతి చెప్పాలంటే ముందు రాయి సంగతి చెప్పాలి. ఉత్తరాన గుట్ట, అది రాయి. తూర్పున చెలకలు, అంటే మెట్ట చేలు, వాటి నిండా గుండ్రాళ్లు. ఎక్కడ తవ్వినా కింద పరుపుబండ. గుట్ట మీద సీతాఫలం చెట్లు తప్ప మరేదీ అంత మొండిగా బతికేది కాదు. పడమటి దిక్కున కొంచెం నల్లరేగడి ఉండేది. పడమటి వాడవాళ్లు దాని గురించి బంగారు గని ఉన్నట్టే మాట్లాడేవాళ్లు. మిగిలినదంతా ఎర్ర దుబ్బ. ఆముదం, కంది, జొన్న, వాన దయతలిస్తే పత్తి. దక్షిణాన వాగు. పెద్ద వానలకు నాలుగు రోజులు పారి, ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఇసుక ఆరబోసుకుని పడుకునేది. కానీ ఆ ఇసుకను చేత్తో మూరెడు తోడితే చాలు, తియ్యటి నీళ్లు ఊరేవి. ఫ్లోరైడు బోరింగు నీళ్లు తాగి మోకాళ్లు వంగిపోయిన మనుషులున్న ఊళ్లో ఆ చెలిమె నీళ్లే గతి. పొద్దున్నే ఆడవాళ్లందరూ బిందెలతో వాగులోకి దిగేవారు.

ఊరి చరిత్ర మా అవ్వ, అంటే నాన్నమ్మ, నోట ఒక రకం, చావడి దగ్గర ముసలివాళ్ల నోట ఇంకో రకం. అవ్వ చెప్పేదేమిటంటే, ఏదో కరువులో కొన్ని కుటుంబాలు బండ్లు కట్టుకుని కృష్ణ దిక్కు పోతుంటే ఇక్కడి బండ మీద ముందు బండి ఇరుసు విరిగింది. ఎద్దులు కూలబడ్డాయి. ఇక కదలలేకపోయారు.

"ఇరుసు ఇరిగిన కాడనే బొడ్రాయి పాతిన్రు. మనోళ్లు మంచి జాగా ఎతుక్కొని ఊరు కట్టలే బిడ్డా. పోలేక ఆగిన్రు," అనేది.

బొడ్రాయి అంటే ఊరు పుట్టినప్పుడు నడిమధ్యన పాతే రాయి. మనిషికి బొడ్డు ఎట్లాగో ఊరికి అది అట్లాగ. ముసలివాళ్లకు మాత్రం అవ్వ కథ అస్సలు నచ్చేది కాదు. వాళ్ల లెక్కలో మా మూలపురుషుడు ఎక్కడో దొర గడి మీద రాయి విసిరి, రాత్రికి రాత్రి తప్పించుకుని వచ్చిన వీరుడు. ఊరి మధ్య సగం కూలిన బురుజును కట్టించింది కూడా ఆయనేనట. అంత మొనగాడు నీళ్లు లేని జాగా ఎందుకు కోరుకున్నాడని అవ్వ అడిగేది. దానికి వాళ్లు కండువా దులుపుకుని లేచిపోయేవారు.

మా ఇల్లు వాగు అవతల. మా తాత కట్టేనాటికి అది అవతల కాదట. అప్పుడు వాగు మా ఇంటి వెనకగా పారేదట. ఒక పెద్ద గాలివానకు గట్టు తెగి, నీళ్లు ఇంటి ముందు నుంచి దారి చేసుకుని, ఇక అక్కడే స్థిరపడిపోయాయి. తర్వాత ఇసుక లారీలు వచ్చి దాని కడుపు తోడి ఇంకాస్త లోతు చేశాయి. అట్లా మేం అడుగు కదలకుండానే ఊరికి దూరమయ్యాం. ఆ ఒడ్డున మాదొక్కటే ఇల్లు. అవ్వ, నేను, ఒక బర్రె. అమ్మ నాకు మాటలు రాకముందే పోయింది. ఆమె ముఖం నాకు పెళ్లి ఫోటోలో తప్ప తెలియదు, ఆ ఫోటోలో కూడా తల దించుకునే ఉంది.

బాపు, అంటే మా నాన్న, మా చెలకలో బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లోనూ తెల్లటి రాతిపిండి తప్ప తడి కనబడలేదు. ఆఖరికి ఆ బోర్లు వేసిన బండితోనే కూలికి కుదిరి వెళ్లిపోయాడు. లారీ మీద ఇనుప రాడ్లు, వెనక కంప్రెసర్ ఉండే బండి. ఈ నెల కర్ణాటకలో ఉంటే వచ్చే నెల మహారాష్ట్రలో. "మనకు నీళ్లు పడలే గని, దునియాకంత నీళ్లు పడగొడ్తాండు," అని ఊళ్లో నవ్వేవాళ్లు. అవ్వ కూడా వాళ్లతోపాటు నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం ఆ రోజు అన్నం సరిగా తినేది కాదు.

ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. బడి విడిచాక పిల్లలు వాడల్లోకి చెదిరిపోయేవారు. వాళ్ల కేకలు, వాళ్ల అమ్మల తిట్లు, తాలింపుల వాసన అన్నీ వాగు గట్టు దాకా నా వెంట వచ్చి, అక్కడ ఆగిపోయేవి. ఇసుకలో నా కాళ్ల చప్పుడు కూడా ఉండదు. ఇంటికొస్తే అవ్వ చేలో ఉండేది. నేను బర్రెతో మాట్లాడేదాన్ని. లెక్కల్లో వచ్చిన మార్కులు, పంతులమ్మ కట్టుకున్న చీర, ఎవరు ఎవరిని గిచ్చారు, అన్నీ దానికే చెప్పేదాన్ని. అది నెమరు వేస్తూ వినేది. పొద్దు వాలే వేళకు అవతలి ఒడ్డున ఒక్కొక్క బల్బే వెలిగేది. ఊరంతా ఒకటై కూర్చున్నట్టు, నన్ను మాత్రం పిలవడం మరిచిపోయినట్టు ఉండేది. బళ్లో నాకు పేరు కూడా అదే పెట్టారు, అవతలి పిల్ల అని.

అందుకని నాకు ఒకటే కోరిక ఉండేది. బాపు వచ్చినప్పుడు ఆయన వెంట వెళ్లిపోవాలి. ఎక్కడికైనా సరే. బోరుబండి మీద వంట చేసే మనిషి ఉంటాడని విన్నాను. నేనూ రొట్టె చెయ్యగలను కదా అనుకునేదాన్ని. ఆదివారాల్లో అవ్వ బటన్ల ఫోన్‌కు బాపు ఫోన్ చేసేవాడు. "మంచిగున్నవా బిడ్డా? సదువుకుంటున్నవా? అవ్వ మాట ఇను. సరె, సరె," అని గట్టిగా నాలుగు మాటలు అనేసి పెట్టేసేవాడు. నేను చెప్పే మాట నోట్లోనే ఉండిపోయేది. పనిలో ఉన్నాడు కాబోలు, ఎదురుగా ఉన్నప్పుడే అడగాలి అనుకున్నాను.

కొత్త రాష్ట్రం వచ్చాక మా ఊరికి సిమెంటు రోడ్డు వచ్చింది. ఆ రోడ్డు వేసినవాళ్లు బొడ్రాయిని సగం దాకా కాంక్రీటులో పూడ్చేశారు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. తర్వాత ఏడాది గొర్లకు రోగం తగిలింది, ఇద్దరు పడుచువాళ్లు మోటారు సైకిళ్ల మీద నుంచి పడి చనిపోయారు, బోర్లు ఎండాయి. అప్పుడు అందరికీ రాయి గుర్తుకొచ్చింది. బొడ్డు పూడ్చుకున్న ఊరు ఎట్లా బాగుపడుతుందన్నారు. ఎండాకాలంలో కొత్త బొడ్రాయిని నిలబెట్టి పండుగ చెయ్యాలని తీర్మానించారు.

ఆ పండుగలో ఆఖరి రోజుది ఒక కట్టడి ఉంది. తెల్లవారుజామున బలి రక్తం, పసుపు, వేపాకు కలిపిన అన్నాన్ని మగవాళ్లు పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పరుగెత్తుతారు. అదే పొలి. పొలి చల్లాక లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, మళ్లీ పొద్దు పొడిచేదాకా. ఎవరైనా దాటితే చేసిందంతా మట్టిపాలు. ఊళ్లో ఉన్న రోగం, పీడ, చెడు మొత్తాన్ని ఆ గీతకు బయటికి తరిమేస్తారన్నమాట.

పొలి ఎటు నుంచి చల్లాలో మాట్లాడుకోవడానికి చావడి దగ్గర అందరూ కూర్చున్నారు. నేను అవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డాను. తూర్పు, ఉత్తరం, పడమర పేచీ లేకుండా తేలాయి. దక్షిణం దగ్గర ఒక పెద్దమనిషి, "దక్షిణానికి పొలిమేర వాగే. తాతల నాటి నుంచి గంతే," అన్నాడు.

అవ్వ వెంటనే అందుకుంది. "తాతల నాటి వాగు మా ఇంటెనక పారింది పటేలా. నీకెర్కలేదా? వాగు జరిగింది. మేం జరగలే."

"జరిగింది నిజమే అవ్వా. గని పొలిమేర అంటే వాగు. ఇప్పుడు వాగు ఏడుంటే పొలిమేర ఆడనే."

"ఓట్లప్పుడు మా వాకిట్లకొచ్చి దండం పెట్టిన్రు గదా, అప్పుడు మేం ఊరోళ్లమే. పొలి చల్లెటప్పుడు బయటోళ్లమైతిమా? రేపు బొడ్రాయికి పోసే బిందెల నీళ్లు ఏడియి? మా వాకిట్ల చెలిమెలయి. నీళ్లు మీయి, మేం కామా?"

ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు.  పెద్దమనిషి చెడ్డవాడేమీ కాదు. గొంతు తగ్గించి, "నిన్నెవ్వలు కాదన్నరవ్వా? గా ఒక్క పొద్దు పిల్లను తీస్కొని లోపటికి రా. ఎవరింట్ల పన్నా పన్నట్టే," అన్నాడు.

అవ్వ నన్ను తీసుకుని బయలుదేరింది. వాగు దాటుతుంటే మాత్రం తనలో తాను అనుకుంది: "ఇల్లు బయటుండంగ మనిషి లోపటుంటె ఏం ఫాయిదా." ఆ మాట నాకు పట్టుకుంది. ఊళ్లోని రోగాలన్నీ, పీడలన్నీ గీత దాటి ఎక్కడికి వెళ్తాయి? గీత దాటితే మొదటి ఇల్లు మాదే. ఎంత ఆలోచించినా అవి మా వాకిట్లోనే దిగుతాయి. అవ్వను అడిగితే, "వస్తే రానీ. ఇంత అంబలి పోస్త, కూసోని తాగి పోతయి," అంది. నాకు నవ్వు రాలేదు.

పండుగ దగ్గర పడుతున్న కొద్దీ ఊరి వాసనే మారిపోయింది. కొత్త సున్నం, ఎర్రమన్ను, గోడల మీద జాజు పూత. ప్రతి ఇంట్లో సకినాలు, గారెలు కాలుతున్న నూనె వాసన. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలిచారు. ఒడిబియ్యం పోయించుకుని, పసుపు కాళ్లతో వాళ్లు వాడల్లో తిరుగుతుంటే, ఎవరు ఎవరి కూతురో ఎవరి కోడలో తెలియకుండా కలిసిపోయారు. పిల్లలకు చదువు లేదు, అదుపు లేదు. కొబ్బరి ముక్కలు దొంగిలించడం, డప్పులవాళ్ల పక్కన చేరి గంతులెయ్యడం, ఇదే పని. పొలి ఆట కూడా ఆడేవాళ్లు. చేటలో ఇసుక పట్టుకుని "పొలి, పొలి" అని అరుస్తూ గొర్ల దొడ్డి చుట్టూ పోసి, అందరూ లోపల నిలబడేవాళ్లు. నేను వెళ్తే, "నువ్వు అవతలి పిల్లవు గదా, బయటనే ఉండు. రోగం నువ్వే," అన్నారు. రోగం వేషం వేసినందుకు నన్ను తరిమి తరిమి కొట్టాలి కాబట్టి ఆటలో నాకే పెద్ద పాత్ర అని సర్దిచెప్పుకున్నాను. బాగానే ఆడాను. ఇంటికొచ్చి బర్రె మెడ పట్టుకుని ఏడ్చాను.

ఆ ఆదివారం ఫోన్‌లో బాపు, "బండి నల్గొండ మీదికెళ్లి పోతది. పండుగకొస్త," అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. నా సంచీ సర్దుకున్నాను. రెండు జతల బట్టలు, దువ్వెన, అమ్మ ఫోటో. అవ్వ చూసి ఏమీ అనలేదు. అడ్డం చెప్పలేదంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

బిందెలు పోసే రోజున అవ్వ కూడా చెలిమెలో నీళ్లు ముంచుకుని, అందరి వెనక నిలబడి, కొత్త రాయి మీద పోసి వచ్చింది. నల్లటి రాయి మీద నీళ్లు జారుతుంటే సన్నాయి మోగింది. అది అయ్యాక నన్ను చిన్నవ్వ ఇంట్లో దింపింది. చిన్నవ్వ అంటే అవ్వకు తోటికోడలు, బురుజు పక్క ఇల్లు. నా సంచీ కూడా నా భుజానే ఉంది. అవ్వ మాత్రం ఆగలేదు.

"నువ్వెటు పోతున్నవే?" అని చిన్నవ్వ అడిగింది.

"బర్రె ఇయ్యాల్నో రేపో ఈనెటట్టుంది. దాన్ని ఇడిసిపెట్టి వస్తనా?" అంది అవ్వ.

బర్రె నిండుగా ఉన్న మాట నిజమే. కానీ దాన్ని కూడా తోలుకురావచ్చు. ఇసుక దాటడం ఎంతసేపు? అవ్వ ఎందుకు వెళ్లిందో చిన్నవ్వకు తెలుసు, నాకూ తెలుసు. నేను వెంటపడితే తిరిగి చూడకుండానే, "నువ్వు లోపటుండు. మనింటికెళ్లి ఒక్కలన్న లోపటుండాలె," అంది.

తెల్లారేసరికి పొలి అయిపోయింది. డప్పులు ఊరి చుట్టూ తిరిగి రావడం విన్నాను. లేచి దక్షిణపు గట్టుకు పరుగెత్తాను. గట్టు పొడుగునా పసుపూ ఎరుపూ కలిసిన మెతుకులు చెదిరి ఉన్నాయి. కాకులు కూడా ఇంకా దిగలేదు. చెరువు నీళ్లు చేలకు వదిలే నీరడి తాత కర్ర పట్టుకుని గట్టు మీద కావలి కూర్చున్నాడు. అవతల మా ఇల్లు, ఎప్పుడూ ఉన్నట్టే. అవ్వ వాకిలి ఊడుస్తోంది. బాపు ఇంకా రాలేదు. మెయిన్ రోడ్డు నుంచి వచ్చే దారి మా ఇంటి వైపే, గీతకు బయటే ఉంది కదా, వచ్చినా ఆయన ఆగేది అవతలే అని అప్పటిదాకా నాకు తోచనే లేదు. 

పొద్దు నెత్తి మీదికి వచ్చే వేళకు బాపు వచ్చాడు. మెయిన్ రోడ్డు నుంచి తాటిచెట్ల నడుమ నడిచి, భుజాన సంచీతో, జుట్టంతా తెల్లగా, అది నెరుపో రాతిపిండో తెలియకుండా. అవ్వ ఏదో చెప్పింది. బాపు గట్టు వైపు చూశాడు. సంచీ అక్కడే పడేసి వాగులోకి దిగి సగం దాకా పరుగెత్తాడు.

"ఆగు, ఆగు! పొలి చల్లినం," అని నీరడి తాత కర్ర పైకెత్తాడు.

బాపు ఆ కర్రను చూసి ఆగాడు. మెతుకుల గీతను చూశాడు. వెనక్కి నాలుగు అడుగులు వేసి ఇసుకలో కూర్చున్నాడు. నేను ఇవతలి గట్టు మీద కూర్చున్నాను. మా మధ్య ఒక పెళ్లిపందిరి వేసేంత దూరం కూడా లేదు.

"ఎంత ఎత్తయినవే!" అని అరిచాడు బాపు. బోరుబండి దగ్గర అరిచి అరిచి ఆయన గొంతు అట్లా అలవాటైపోయింది. వాగు అడ్డంగా ఉన్నా చెవి పక్కన అన్నట్టే వినబడింది. "బట్టలు తెచ్చిన బిడ్డా నీకు. పచ్చది. గిటు సూడు." గౌను విప్పి రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. అది నాకు రెండేళ్ల కింద సరిపోయేది. "మంచిగున్నదా?"

"మంచిగుంది," అన్నాను. "ఎన్ని రోజులుంటవు బాపూ?"

"ఆఁ, ఆఁ," అని నవ్వాడు. "తిన్నవా?"

మధ్యాహ్నం బర్రె ఈనింది. అవ్వ జున్ను కాచింది. ఇంత గిన్నెలో పోసుకుని బాపు మళ్లీ ఇసుకలోకి వచ్చి, నాకు ఎదురుగా కూర్చుని తిన్నాడు. చిన్నవ్వ నాకు గారెలు, మాంసం కూర పెట్టి పంపింది. నేను గట్టు మీద కూర్చుని తిన్నాను. "జర జున్ను పిల్లకు పంపరాదు?" అని నీరడి తాతను అడిగాడు బాపు. తాత తల అడ్డంగా ఊపాడు. వస్తువు కూడా దాటకూడదు. ఆయన ముఖం చూస్తే, తనే దాటిపోయి తెచ్చి ఇవ్వాలన్నంత బాధ ఉంది. "రేపు పొద్దుగాల తిందువులే బిడ్డా," అన్నాడు నాతో.

బాపు ఆ సాయంత్రమంతా మాట్లాడాడు. ఎక్కడెక్కడ బోర్లు వేశారో, ఒక ఊళ్లో నీళ్లు ఎగజిమ్మితే ఆ రైతు ఆ బురదలోనే పొర్లాడి ఏడ్చాడని, ఇంకో ఊళ్లో పడకపోతే రైతు భార్య వాళ్లకు అన్నం వండిపెట్టి పంపిందని. నేను ఫోన్లో ఎప్పుడూ విననన్ని మాటలు ఆయన నోట విన్నాను. నేను మధ్యమధ్య అడిగినవాటికి నవ్వేవాడు, లేకపోతే ఇంకో కథ మొదలుపెట్టేవాడు. బాపుకు నన్ను చూసిన సంతోషంలో ఏదీ తోచడం లేదనుకున్నాను. పొద్దు పడమటి చేల మీదికి వాలింది. అవ్వ ఆయన్ను చెయ్యి ఊపి పిలుస్తోంది. ఇక అడగకపోతే అయిపోతుందనిపించింది. లేచి నిలబడి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

"బాపూ! నన్ను గూడ నీతోని తీస్కపో! నాకీడ మంచిగుంటలేదు. ఒక్కదాన్నే ఉండలేకపోతున్న. రొట్టెలు జేస్త, అన్నం వండుత. తీస్కపోతవా?"

నీరడి తాత నా వైపు చూసి, తల తిప్పుకున్నాడు. బాపు నన్ను చూస్తూ నిలబడ్డాడు.  తర్వాత నవ్వి, తల ఊపాడు. ఒకసారి కాదు, నెమ్మదిగా, గట్టిగా, చాలాసార్లు ఊపాడు. చెయ్యెత్తి చూపి ఇంట్లోకి వెళ్లాడు.

నా జీవితంలో అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. చిన్నవ్వ ఇంట్లో సంచీ తల కింద పెట్టుకుని పడుకున్నాను. ఆ రోజు అవతలి ఒడ్డున వెలిగిన మా ఇంటి బల్బును ఊరి వైపు నుంచి చూశాను. ఒంటరిగా, చిన్నగా ఉంది. అవ్వ ఒక్కతే ఎట్లా ఉంటుందో అని ఒక్కసారి అనిపించింది. అనిపించినా ఆగదలచుకోలేదు.

పొద్దు పొడవగానే కట్టడి విప్పిన డప్పు మోగింది. అందరికంటే ముందు గీత దాటింది నేనే. ఇసుకలో చెప్పులు జారిపోతే చేత పట్టుకుని పరుగెత్తాను. వాకిట్లో లేగదూడ లేవలేక లేస్తోంది. అవ్వ దాని పక్కన కూర్చుని ఉంది. దండెం మీద పచ్చ గౌను వేలాడుతోంది.

"బాపేడి?"

"బండొచ్చింది. తెల్లారకముందే రోడ్డు మీద హారన్ గొట్టిన్రు. పోయిండు."

"నన్ను తీస్కపోతనన్నడు గదా!"

"ఎవరన్నరు?"

"బాపే. నిన్న నేనడిగితే తలకాయ ఊపిండు. నువ్వు చూడలే?"

అవ్వ దూడను వదిలి లేచి వచ్చింది. నా భుజం మీది సంచీ తియ్యబోయింది, నేను తియ్యనివ్వలేదు. 

"బిడ్డా, వానికి ఇనబడ్తలేదు. ఆ కంప్రెసర్ మోతకు చెవులు పోయినయి. ఏడాదైంది. దగ్గెర నిలబడి ఒర్రితె జరంత ఇనబడ్తది, గంతే. ఫోన్ల ఏమినబడదు. నీకు జెప్పొద్దన్నడు, పరేషానయితదని. నిన్న నువ్వు ఏందో ఒర్రుతుంటివి గదా, ఇంట్లకొచ్చి నన్నడిగిండు, పిల్ల ఏమంటుందే అని."

"నువ్వేం జెప్పినవు?"

"నాకు మాత్రం ఇంటిదాకా ఇనబడ్తదా? మల్లెప్పుడొస్తవని అడుగుతుందేమో అన్న. అందుకే తలకాయ ఊపిన అన్నడు."

అవ్వ నన్ను దగ్గరికి తీసుకుంది. చేతులకు ముర్రుపాల వాసన, పేడ వాసన. నా కోసం జున్ను దాచి ఉంచింది. తిన్నాను. చల్లారిపోయినా తియ్యగానే ఉంది, ఏడుస్తూ తిన్నా తియ్యగానే ఉంది.

ఆ తర్వాత ఊరు చాలా మారింది. పంచాయతీలు విడగొట్టినప్పుడు వాగు అవతలి భూమి పక్క ఊరి కిందికి పోయింది, అంటే కాగితాల మీద కూడా మేం బయటివాళ్లమే అయ్యాం. వాగుకు అడ్డంగా చెక్ డ్యాం కట్టారు, చెలిమెలు నీళ్ల కింద మునిగాయి. అవ్వ పోయింది. చెలకలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి, మాదీ అయింది. బాపు బోరుబండి మానేసి ఇప్పుడు నల్గొండలో నాతోనే కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. టీవీలో మాటలు కింద పడితే చదువుతాడు, లేకపోతే బొమ్మలు చూసి నవ్వుతాడు.

ఏదైనా చెప్పాలంటే నేను ఆయన పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర గట్టిగా చెప్తాను. అట్లా ఎన్నో చెప్పాను. నా పెళ్లి సంబంధం గురించి చెప్పాను, వద్దనుకున్నానని చెప్పాను, అవ్వ పోయిన కబురు కూడా అట్లాగే చెప్పాను. ఆ రోజు వాగు ఒడ్డున ఏమడిగానో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే ఆయన బాధపడతాడని కాదు. బోరుబండి మీద ఆడపిల్లకు జాగా ఎక్కడిది, వినబడి ఉంటే వద్దనే అనేవాడు. వినబడక ఊపిన తలే అయినా, చిన్నప్పుడు నన్ను వెంట రమ్మన్నవాళ్లు ఇంకెవరూ లేరు. దాన్ని నేను వదులుకోదలచుకోలేదు.